కొత్త రకం ఇటుకలతో ఇల్లు కడుతున్నారా? టౌన్ ప్లానింగ్ వాళ్లను కలిసే ముందు ఇవి చూసుకోండి

తిరుపతి, చిత్తూరు చుట్టుపక్కల బూడిద ఇటుకలు, ఏఏసీ బ్లాకులు మామూలైపోయాయి. వాటికి పెద్దగా ఎవరూ అడ్డు చెప్పరు. చిక్కంతా సిమెంటు కలిపి మెషీన్‌లో నొక్కిన మట్టి బ్లాకులతోనే. "మట్టిల్లా? వానకు ఆగుతుందా?" అని ఆఫీసులో అధికారి అడిగితే కోపం తెచ్చుకోకండి. సంతకం పెట్టేది ఆయన, రేపు గోడ కూలితే జవాబు చెప్పాల్సిందీ ఆయనే. ఆ భయం తీర్చే కాగితాలు మన దగ్గరుండాలి.

1. పునాది తీయకముందే వెళ్లండి. మీ స్థలం కార్పొరేషన్ కిందికి వస్తుందా, తుడా, చుడా అనే పట్టణాభివృద్ధి సంస్థల కిందికి వస్తుందా అన్నది మీ గ్రామ లేదా వార్డు సచివాలయంలో అడిగి తేల్చుకోండి.

2. ప్లానులో ఐఎస్ (భారతీయ ప్రమాణం) నంబరు రాయించండి. మట్టి బ్లాకులకు ఐఎస్ 1725 ఉంది, 2013లో దాన్ని సవరించారు కూడా. ఏఏసీకైతే ఐఎస్ 2185 మూడో భాగం. ఉత్త "మట్టి గోడ" అని రాస్తే ఫైలు అక్కడే ఆగుతుంది.

3. అన్నిటికంటే ముఖ్యం ల్యాబ్ రిపోర్టు. పొడి బ్లాకును నలగ్గొట్టి ఇచ్చిన అంకె చూసి మురిసిపోకండి. తడిస్తే మట్టి బ్లాకు బలం బాగా తగ్గుతుంది, అందుకే నానబెట్టి చేసిన పరీక్షే లెక్క. 28 రోజులు క్యూరింగ్ అయిన బ్లాకులనే, ఏరి కాకుండా, లాట్‌లోంచి చేతికందినవి పంపండి. ఎస్వీయూ ఇంజనీరింగ్ కాలేజీలో, ఏర్పేడు దగ్గర ఐఐటీలో సివిల్ విభాగాలున్నాయి. పరీక్ష చేస్తారా, ఫీజెంత అని కనుక్కోండి. అంతకన్నా ముందు ఇంట్లోనే ఒక బ్లాకును రాత్రంతా బకెట్ నీళ్లలో ఉంచి, పొద్దున బొటనవేలితో అంచు రుద్దండి. మట్టి ఊడి వస్తే ఆ లాట్ వద్దు, ల్యాబ్ ఖర్చూ వద్దు.

4. "కోడ్‌లో లేదు" అంటే, 2016 జాతీయ భవన నిర్మాణ స్మృతి రెండో భాగం చూపండి. కోడ్‌లో పేరు లేని సామగ్రినీ, తగిన ఆధారాలుంటే అధికారి ఆమోదించవచ్చని అందులో ఉంది. పరీక్షల ఖర్చు మాత్రం మనదే.

5. కొత్త సామగ్రితో ఇదివరకు ఎక్కడ కట్టారో చూపండి. నెల్లూరులో కేంద్ర సంస్థ బీఎంటీపీసీ జిప్సమ్ ప్యానెళ్లతో 36 ఇళ్లు కట్టించింది. మన ప్రభుత్వ టిడ్కో ఇళ్లకూ ఇటుక గోడల్లేవు, కాంక్రీటు పోసిన షియర్ వాల్సే.

6. వాన సంగతి డ్రాయింగ్‌లోనే తేల్చండి. 2021 నవంబరు వరద చూసిన తిరుపతిలో ఈ ప్రశ్న రాక మానదు. నేలకు పైన రాతి కట్టుబడి, దాని మీద తేమ ఎక్కకుండా డీపీసీ పొర, గోడ దాటి బాగా ముందుకొచ్చిన చూరు గీయించండి. పిల్లర్ల ఇల్లయితే గోడ మీద బరువుండదని ఇంజనీరుతో రాయించి ఇవ్వండి. గోడలే స్లాబు మోయాలంటే స్ట్రక్చరల్ ఇంజనీరు లెక్కలు లేకుండా అస్సలు దిగకండి.

7. కాదంటే, ఎందుకు కాదో రాసివ్వమని మర్యాదగా అడగండి. ఇవ్వకపోతే సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి, 30 రోజుల్లో జవాబివ్వాలి. సోమవారాల్లో కలెక్టరేట్‌లో అర్జీ కూడా ఇవ్వొచ్చు. డబ్బడిగితే అవినీతి నిరోధక శాఖ (ఏసీబీ) నంబరు 1064కు ఫోన్ చేయండి. లంచమిచ్చి తెచ్చుకున్న సంతకం పనికిరాని బ్లాకుకు బలం తెచ్చిపెట్టదు.

8. రిపోర్టు, ప్లాను, రసీదులు ఒకే ఫైల్లో దాచండి. హోమ్ లోన్‌కు బ్యాంకు వాల్యుయర్ వచ్చినా అడిగేది అవే.