స్పర్శ లేని మచ్చ

వాక్యభాగములు: లేవీయకాండము 13, 14 అధ్యాయములు, 2 రాజులు 5, మార్కు 1:40–45



కోరుట్ల, మెట్‌పల్లి ప్రాంతములలో ఏ వాడకు వెళ్లినను, చాట ముందు పెట్టుకొని బీడీలు చుట్టుచున్న తల్లులు కనబడుదురు. వారిలో ఒక తల్లిని మనస్సునందుంచుకొని ఈ పాఠము చదువుడి. ఆమె ముంజేతిమీద రూపాయి బిళ్లంత మచ్చ యున్నది. చుట్టునున్న చర్మముకంటె అది కొంచెము పాలిపోయినది. నొప్పి లేదు, దురద లేదు గనుక ఆమె దానిని లక్ష్యపెట్టలేదు. కొన్ని నెలలకు చిటికెనవ్రేలు మొద్దుబారెను. తునికాకు కత్తిరించునప్పుడు కత్తెర తగిలి రక్తము కారినను ఆమెకు తెలియలేదు. ప్రక్కన కూర్చున్నామె చెప్పిన తరువాతనే చూచుకొనెను. అప్పుడు ఆమె గుండెలో అనుమానము పుట్టెను. గాని కూతురి పెండ్లి మాటలు నడుచుచున్నవి. ఆమె చేతి మచ్చమీదికి కొంగు లాగుకొని ఊరకుండెను.

ఆ అనుమానము పేరు మనకందరికి తెలియును. పేరు పలుకుటకే జంకి మన పెద్దలు దానిని "పెద్దరోగము" అనిరి. ఆమె నోరు విప్పకపోవుటకు మనము కూడ కొంత కారణమేమో! ఏలయనగా బైబిలు చదువు మన సంఘములలోనే కుష్ఠు అనగా పాపమునకు వచ్చిన శిక్ష అను మాట ఎక్కువగా వినబడుచుండును. గనుక మొదట గ్రంథమునే తెరచి చూతము.

లేవీయకాండము 13వ అధ్యాయములో మనలో అనేకులకు జ్ఞాపకముండునది ఒక్క సంగతియే: అట్టివాడు పాళెము వెలుపల నివసింపవలెనని 46వ వచనము. అది వ్రాయబడియున్నది, కాదనుటకు వీలులేదు. అయితే అధ్యాయమంతయు నెమ్మదిగా చదువుడి. మచ్చ కనబడినవాడు యాజకుని యొద్దకు రావలెను. యాజకుడు దానిని చూడవలెను. నిశ్చయము కానియెడల ఏడు దినములు ఆగి మరల చూడవలెను, పిమ్మట ఇంకను ఏడు దినములు ఆగి మరల చూడవలెను. మచ్చ విస్తరింపక వాడియున్న యెడల అతడు పవిత్రుడని చెప్పి పంపవలెను. తొందరపడి తీర్పు చెప్పుటకు ధర్మశాస్త్రము ఎవనికిని సెలవియ్యలేదు. వాడ గట్టుమీద కూర్చుండి మాటలాడుకొను మనకంటె ఆ యాజకుడు ఎంత జాగ్రత్తగలవాడు! తరువాతి అధ్యాయము చూడుడి. బాగుపడినవానిని తిరిగి లోపలికి చేర్చుకొను విధి ముప్పదిరెండు వచనములు వ్రాయబడినది. వెలుపల నుండవలెనను వచనము మనకు కంఠస్థమాయెను గాని ఈ ముప్పదిరెండింటిని మనలో ఎందరు చదివిరి?

మరియొక సంగతి. ఆ కుష్ఠు బట్టకు తగులునని 13:47లోను, ఇంటి గోడకు తగులునని 14:34లోను ఉన్నది. నేడు మనము కుష్ఠు అని పిలుచు వ్యాధి గోడకు రాదు, బట్టకు రాదు. హెబ్రీ గ్రంథములోని ఆ మాట పలువిధములైన చర్మరోగములకును, బట్టలమీది, గోడలమీది చెడ్డ పొడలకును కలిపి వాడబడినది. గేహజీకి వచ్చినది మంచువలె తెల్లనిదని వ్రాయబడెను. మన ప్రాంతములో కనబడు ఈ వ్యాధి మచ్చలు మంచువలె తెల్లబడవు. పాలవలె తెల్లనైన మచ్చ బొల్లి. దానిని కొందరు తెల్లకుష్ఠు అందురు గాని అది కుష్ఠు కాదు, అంటునది కాదు. మచ్చకు స్పర్శ ఉండదను ముఖ్యమైన గురుతు లేవీయకాండములో ఎక్కడను లేదు. గనుక నామానుకు వచ్చినది ఈ వ్యాధియే అని మనము రూఢిగా చెప్పలేము. అతడు ఏదో పాపము చేసినందున అది వచ్చెనని కూడ వాక్యము చెప్పలేదు. అతడు ఘనుడనియే చెప్పుచున్నది. మిర్యాము, గేహజీ, ఉజ్జియాల సంగతులు పట్టుకొని ప్రతి రోగిమీద నేరము మోపుట వాక్యమునకు లేని అర్థము కల్పించుటయే.

ఇక వ్యాధి సంగతి. 1873లో నార్వే దేశపు వైద్యుడు హాన్సెన్ దీనికి కారణమైన క్రిమిని కనుగొనెను. అది మిక్కిలి నెమ్మదిగా పెరుగునది. శరీరములో ప్రవేశించిన తరువాత గురుతులు కనబడుటకు సాధారణముగా అయిదు సంవత్సరములు, ఒక్కొక్కప్పుడు ఇరువది సంవత్సరములు కూడ పట్టును. మందు తీసికొనని రోగితో చాలకాలము దగ్గరగా మెలగినవారికి, అతని ముక్కునుండి నోటినుండి వచ్చు తుంపరలవలన ఇది సోకును. నూటికి తొంబదియైదుగురికంటె ఎక్కువమందికి దీనిని ఎదిరించు శక్తి పుట్టుకతోనే యున్నది. ఇది తల్లిదండ్రుల రక్తమునుండి దిగునది కాదు. చేపలు తిని పాలు త్రాగినందున వచ్చునదియు కాదు. ఈ మాట మన ఇండ్లలో ఎంత గట్టిగా పాతుకొనియున్నదో!

క్రిమి చర్మమును, నరములను పట్టును. హాని యంతయు నరములలోనే యున్నది. మోచేతి వెనుక నరము చెడిన చిటికెనవ్రేలు, దాని ప్రక్క వ్రేలు మొద్దుబారి వంకరపోవును. మోకాలి ప్రక్క నరము చెడిన పాదము పైకి లేవక యీడ్చుకొనిపోవును. పాదములో స్పర్శ పోయినవారికి చెప్పు జారిపోయినను తెలియదు. ముఖములోని నరము చెడిన కనురెప్ప మూతపడదు. వ్రేళ్లు రాలిపోవునని జనులు చెప్పుకొందురు. వ్రేళ్లు వాటంతట అవి రాలవు. నొప్పి తెలియని చేయి వేడి గిన్నె పట్టుకొని కాలును, కత్తెరకు తెగును. ఆ పుండు మానక మానక ఎముక అరిగిపోవును. మనము శత్రువుగా ఎంచు నొప్పి మన కావలివాడని ఇచ్చట తెలియుచున్నది.

ఇంటిలో చేసికొనదగిన పరీక్ష యొకటి యున్నది. మచ్చగలవారిని కన్నులు మూసికొనుమని చెప్పి, దూదిపోగు కొనతో మొదట మంచి చర్మమును, పిమ్మట మచ్చను మెల్లగా తాకవలెను. తాకిన చోటును వారు వ్రేలితో చూపవలెను. మచ్చమీద తాకినది తెలియనియెడల ఆలస్యము చేయక ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకు వెళ్లవలెను. తామర దురద పెట్టును, ఇది పెట్టదు. పాలిపోయినను ఎఱ్ఱగా నున్నను, చెమట పట్టక వెండ్రుకలు రాలిన మచ్చను అనుమానింపవలెను. కొందరికి మచ్చ లేకుండ ముఖము, చెవితమ్మెలు నున్నగా దళసరియగును. అట్టివారును పరీక్ష చేయించుకొనవలెను.

ఈ రోగమునకు సరియైన మందు లేని దినములలో మన పొరుగుననే ఒక గొప్ప పని జరిగెను. కోరుట్లనుండి మెట్‌పల్లి, ఆర్మూరు మీదుగా నిజామాబాదు చేరి, అక్కడనుండి హైదరాబాదు త్రోవను కొంత దూరము పోయిన డిచ్‌పల్లి వచ్చును. స్కాట్లాండు దేశస్థురాలైన డాక్టరు ఐసబెల్ కెర్, ఆమె భర్త జార్జి కెర్ 1907లో హైదరాబాదు సంస్థానమునకు మెథడిస్టు మిషనరీలుగా వచ్చిరి. నిజామాబాదులో వైద్యము చేయుచుండగా ఎక్కడను చోటు దొరకని కుష్ఠురోగులు ఆమె యొద్దకు రాసాగిరి. రాజా నర్సాగౌడు అను హిందూ దాత సహాయము చేయగా 1915లో డిచ్‌పల్లిలో వారి ఆస్పత్రి వెలిసెను. హిడ్నోకార్పస్ అను చెట్టు గింజల నూనెను సూదితో ఎక్కించుటయే ఆనాటి వైద్యము. అది బాధ పెట్టునది, అందరికి గుణమిచ్చునది కాదు. తొలిదశలో వచ్చినవారికి కొంత మేలు కలిగెను. ఐసబెల్ కెర్ 1932లో మరణించెను. డిచ్‌పల్లిలో ఆ దినములలో పనిచేసిన జాన్ లో అను వైద్యుడు తరువాత నైజీరియా దేశమునకు వెళ్లి, ఉజువాకోలిలో డాప్సోను బిళ్లలను నోటిద్వారా ఇచ్చి గుణము చూపిన మొదటివారిలో ఒకడాయెను. అవి బీదవారికి అందు ధరలోనున్న బిళ్లలు. కాలక్రమమున క్రిమి ఆ ఒక్క మందుకు లొంగకుండ పోయెను. కాబట్టి 1981లో ప్రపంచ ఆరోగ్య సంస్థ మందులను కలిపి ఇయ్యవలెనని నిర్ణయించెను. రిఫాంపిసిన్, డాప్సోను, క్లోఫాజిమిన్ అనునవి ఆ మందులు.

నేడు ఈ మందుల అట్టలు ప్రభుత్వ ఆరోగ్య కేంద్రములలో ఊరకనే దొరకును. మచ్చలు అయిదింటికి మించకున్న ఆరు నెలలు, వ్యాధి అంతకంటె విస్తరించియున్న పన్నెండు నెలలు వాడవలెను. మందు మొదలుపెట్టిన కొద్ది దినములకే రోగినుండి ఇతరులకు సోకు భయము తీరిపోవును. వేరు గిన్నె అక్కరలేదు, వేరు చాప అక్కరలేదు. గర్భిణులును ఈ మందు తీసికొనవచ్చును. మూత్రము ఎఱ్ఱగా వచ్చును, చర్మము కొంత నల్లబడును. ఇవి మందు గురుతులే, భయపడి మానకూడదు. అయితే ఒళ్లంతయు దద్దురులు వచ్చినను, కన్నులు పచ్చబడినను వెంటనే డాక్టరుకు చూపవలెను.

ఒక హెచ్చరిక. మందు వాడుచుండగానే, కొందరికి ముగించిన తరువాత కూడ, మచ్చలు ఎఱ్ఱగా ఉబ్బి నరములు సలుపును, జ్వరము వచ్చును. మందు పడలేదని ఎంచి అనేకులు అచ్చటనే మానివేయుదురు. అది తప్పు. చచ్చుచున్న క్రిములను శరీరము ఎదిరించుటవలన అట్లగును. బిళ్లలు మానక ఆస్పత్రికి వెళ్లినయెడల ప్రెడ్నిసొలోను అను మందు ఇచ్చి నరములను కాపాడుదురు.

స్పర్శ పోయిన కాళ్లు చేతులు గలవారు ప్రతి సాయంకాలము వాటిని చల్లని నీళ్లలో కొంతసేపు నానబెట్టి, గట్టిపడిన చర్మమును మెల్లగా రుద్ది, తడి ఆరకమునుపే నూనె రాయవలెను. చేతులను, అరికాళ్లను దినదినము కన్నులతో చూచుకొనవలెను, నొప్పి చెప్పదు గనుక. మెత్తని రబ్బరు అట్టగల చెప్పులు తొడుగుకొనవలెను. వేడి గిన్నెను గుడ్డతో పట్టుకొనవలెను. సిరిసిల్లలో మరమగ్గముల యొద్ద పనిచేయువారు, కోరుట్లలో కత్తెర పట్టువారు సాయంకాలము వ్రేళ్లు లెక్కపెట్టినట్లు చూచుకొనుట మంచిది. వంకరపోయిన వ్రేళ్లను శస్త్రచికిత్సతో సరిచేయు పద్ధతి కూడ యున్నది. వెల్లూరులో డాక్టరు పాల్ బ్రాండు దానికి పేరు పొందెను.

ఈ వ్యాధి తొలగిపోయినదని కొందరందురు. 2005 డిసెంబరునాటికి దేశములో పదివేలమందికి ఒక్క రోగికంటె తక్కువాయెనన్నది నిజమే. కాని 2023లో లోకమంతటను క్రొత్తగా బయటపడిన సుమారు 1,82,000 మందిలో సగముకంటె ఎక్కువమంది మన దేశస్థులే.

శాసనము మనకంటె ముందు నడిచినది. రోగులను పట్టి నిర్బంధించుటకు వీలిచ్చిన 1898వ సంవత్సరపు చట్టము 2016లో రద్దాయెను. క్రైస్తవుల విడాకుల చట్టములో కుష్ఠు ఒక కారణముగా ఉండెను. 2019లో దానిని తీసివేసిరి. 2001లో చేర్చబడి అంతవరకు అది మన చట్టములోనే యుండెనని ఎరుగుట మనకు సిగ్గుకరమే.

నామాను ఇంటిలో చెరపట్టబడిన చిన్నది యొకతె యుండెను. ఆమె వైద్యురాలు కాదు, ప్రవక్త్రి కాదు. ఎక్కడికి వెళ్లవలెనో ఎరిగి, భయపడక యజమానురాలితో చెప్పెను, అంతే. రక్తము కారుచున్నదని చెప్పిన ఆ ప్రక్కింటామె మరియొక మాట చెప్పియున్న యెడల! "అక్కా, రేపు పొద్దున ఆశమ్మతో కలిసి దవాఖానకు పోదాము, నేను కూడ వస్తాను" అనుటకు ఎంతసేపు పట్టును? నరము మొద్దుబారి ఆరు నెలలు దాటకమునుపు వచ్చినవారికి స్పర్శ తిరిగి వచ్చు ఆశ ఎక్కువ. దాటిన తరువాత క్రిమి చచ్చినను వ్రేలు బాగుపడుట కష్టము. ఆమె కూతురిని, ఇంటిల్లిపాదిని కూడ పరీక్షించి, వ్యాధి లేనివారికి ముందు జాగ్రత్తగా రిఫాంపిసిన్ మందు ఒక్కసారి మింగుటకు ఇత్తురు. ఆ పిల్ల పెండ్లికి ఇందులో అడ్డమేమియు లేదు.