పోటీ పరీక్షల ప్రత్యేకం: మారుమూల ప్రాంతాల్లో చిన్న విమాన ప్రమాదాలు

కొలంబియాలోని అమెజాన్ అడవిలో చాలా ఊళ్లకు రోడ్డు లేదు. పడవ, లేకపోతే చిన్న విమానమే దిక్కు. 2023 మే 1న అరారకువారా నుంచి ఏడుగురితో బయలుదేరిన సెస్నా 206 అలాంటిదే. దీనికి ఉండేది ఒకటే ఇంజిన్. అది మొరాయిస్తోందని పైలట్ అత్యవసర సందేశం పంపాడు. కింద దించడానికి ఖాళీ జాగా లేని అడవి. విమానం కూలి ముగ్గురు పెద్దలూ చనిపోయారు. హుయిటోటో తెగకు చెందిన నలుగురు పిల్లలు మాత్రం వెంట తెచ్చుకున్న కర్రపెండలం పిండితో, అడవి పండ్లతో ప్రాణాలు నిలుపుకొన్నారు. చిన్నబిడ్డకు ప్రమాదం నాటికి 11 నెలలు! జూన్ 9న వారిని కనుగొన్న గాలింపు పేరు 'ఆపరేషన్ హోప్'. సైన్యంతో పాటు ఆదివాసులూ ఇందులో పాల్గొన్న విషయాన్ని అభ్యర్థులు తప్పక గుర్తుంచుకోవాలి.

ఇలాంటి ప్రమాదాలకు ఇంజిన్ వైఫల్యం ఒక్కటే కారణం కాదు. విమానం సక్రమంగా ఉన్నా, పొగమంచులో దారి కానరాక కొండను ఢీకొంటే దాన్ని 'సీఎఫ్‌ఐటీ' అంటారు. ఎత్తైన, వేడి ప్రదేశాల్లో గాలి పలుచబడి రెక్కలకు లిఫ్ట్, ఇంజిన్‌కు శక్తి తగ్గుతాయి. పొట్టి రన్‌వేపై అధిక బరువుతో ఇది మరీ ప్రమాదం.

కూలిన విమానంలోని ఈఎల్‌టీ పరికరం 406 మెగాహెర్ట్జ్‌పై పంపే సంకేతాన్ని కోస్పాస్-సార్‌శాట్ ఉపగ్రహాలు అందుకుంటాయి. ప్రమాదాల దర్యాప్తు నిబంధనలు అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ (ఐకావో) 13వ అనుబంధంలో ఉన్నాయి. మన దేశంలో దర్యాప్తు సంస్థ ఏఏఐబీ.