ఫార్వర్డ్‌కు సనద్ ఏది?

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల నుంచి గల్ఫ్ వెళ్ళినవారు ఒకప్పుడు తమ మాటలు క్యాసెట్లో నింపి, ఊరికి వచ్చేవారి చేతికిచ్చి పంపేవారు. గొంతు ఎవరిదో, తెచ్చిందెవరో ఇంట్లో అందరికీ తెలిసేది. ఇప్పుడు సెల్‌ఫోన్‌లోకి వచ్చే కబురుకు చెప్పినవారెవరో తెలియదు. 'ఈ దుఆ పదిమందికి పంపితే శుభవార్త' అని కూడా వస్తుంది; ఆ షరతు ఏ హదీసులో ఉందో పంపినవారినే అడగాలి!

దుర్మార్గుడు వార్త తెస్తే, తెలియక ఎవరికైనా హాని చేసి పశ్చాత్తాపపడకుండా ముందు విచారించమని దివ్య ఖుర్ఆన్ (49:6) ఆదేశం. విన్నదల్లా చెప్పేయడమే మనిషి అబద్ధానికి చాలునని మహాప్రవక్త (సఅసం) హెచ్చరించారు (ముస్లిం). అందుకే హదీసువేత్తలు మాటకు ముందు సనద్ అడిగారు. అంటే, ఎవరి నుంచి ఎవరు విన్నారన్న పరంపర.

2018లో వాట్సాప్ వదంతులు నమ్మిన మూకలు మన దేశంలో అమాయకులను చంపాయి. ఆ ఏడాదే కంపెనీ ఇక్కడ ఫార్వర్డ్‌ను ఒకసారికి ఐదు చాట్లకు పరిమితం చేసింది. మనం ఒక్కరికి పంపినా లెక్క మనదే.

మేమూ ఒకసారి గల్ఫ్ ప్రమాదమంటూ వచ్చిన వాయిస్ మెసేజ్ విచారించకుండా పంపాం. అది పాత సంగతట. కొడుకు ఫోన్ చేసేదాకా ఒక తల్లి ఆ రోజు అన్నం ముట్టలేదు. మరునాడు వెళ్ళి ఆమెను క్షమాపణ అడిగాం.