తాతల తోట – బిడ్డల బాధ్యత



దివ్యబలిపూజలో అర్పణ సమయాన గురువు పాత్రను పైకెత్తి, అందులోని ద్రాక్షారసం దేవుడిచ్చిన ఫలమనీ, మనుషుల కష్టార్జితమనీ చెప్పి దేవుణ్ణి స్తుతిస్తాడు. ఆ రసం అసలైన ద్రాక్షపండ్లదై ఉండాలనీ, చెడిపోయినదై ఉండకూడదనీ 1983 నాటి శ్రీసభ ధర్మశాస్త్రం 924వ సూత్రంలో ఆజ్ఞాపిస్తున్నది. అంటే పీఠం మీది పాత్ర వెనుక ఒక నేల, ఒక తోట, చెమటోడ్చిన ఒక రైతు కుటుంబం ఉన్నాయన్నమాట. ఈ వారం అటువంటి ఒక తోటను గురించి ధ్యానిద్దాం. ఇది తాగుడును మెచ్చుకునే మాట కాదు, వారసత్వాన్ని గురించిన మాట.

మఠవాసులు నాటిన తోట

ఫ్రాన్సు దేశంలో లువార్ నది ఒడ్డున, ఆంజే పట్టణానికి దగ్గరలో సావెన్నియేర్ అనే ఊరున్నది. అక్కడ కూలే ద సెరాన్ అనే ద్రాక్షతోట ఏటవాలు కొండ మీద ఉన్నది. విస్తీర్ణం దాదాపు 7 హెక్టార్లు, మన లెక్కలో సుమారు 17 ఎకరాలు. దీన్ని 1130లో సిస్టర్షియన్ మఠవాసులు నాటారు. పునీత బెర్నార్డు జీవించి ఉన్న కాలమది. ప్రార్థన ఎంత పవిత్రమో చేతిపని కూడా అంత పవిత్రమని ఆ మఠవాసుల నమ్మకం. రాజులు పోయారు, విప్లవాలు వచ్చాయి, యుద్ధాలు జరిగాయి. తోట మాత్రం నిలిచింది.

1960ల మొదట్లో ఆ తోట జోలీ అనే కుటుంబం చేతికి వచ్చింది. తల్లి పాత పద్ధతిలోనే సేద్యం చేయించేది. కుమారుడు నికొలా జోలీ పెద్ద చదువు చదివి న్యూయార్కులోనూ లండనులోనూ బ్యాంకు ఉద్యోగం చేసి, 1970లలో ఇంటికి తిరిగి వచ్చాడు. అప్పుడు వ్యవసాయశాఖ సలహాదారు ఒకరు వచ్చి, మీ అమ్మగారు బాగానే చూసుకున్నారు గాని ఇది పాతకాలపు పద్ధతి, కలుపు మందు వాడితే 14 వేల ఫ్రాంకులు మిగులుతాయని చెప్పాడు. చదువుకున్న కొడుకుకు ఆ లెక్క నచ్చింది. మందు కొట్టించాడు.

రెండేళ్ళు తిరిగేసరికి నేల రంగు మారింది. అక్షింతల పురుగులు కనిపించడం మానేశాయి. కౌజు పిట్టలు వెళ్ళిపోయాయి. కాగితం మీద లాభం కనబడుతున్నా, నేలలో ప్రాణం పోతున్నదని అతడికి అర్థమైంది.

వెనక్కి వెళ్ళడమా, ముందుకు వెళ్ళడమా?

అప్పుడతడు రసాయనాలు లేని సేద్యాన్ని గురించి చదవడం మొదలుపెట్టాడు. ఒక్కసారిగా తోటంతా మార్చలేదు. 1980లో కొంత భాగంలో ప్రయత్నించి చూశాడు. 1984 నాటికి తోట మొత్తం ఆ పద్ధతిలోకి వచ్చింది. నిటారుగా ఉన్న చోట్ల గుర్రాలతో దున్నిస్తారు. పశువుల ఎరువు వేస్తారు. పండ్లన్నీ ఒకేసారి కోయకుండా, పక్వానికి వచ్చిన గుత్తులను చూసి, కొన్ని వారాలపాటు విడతలు విడతలుగా చేతితో కోస్తారు. నేడు అతని కుమార్తె వర్జీని ఆ బాధ్యతను మోస్తున్నది.

ఇక్కడ ఒక వివేచన అవసరం. ఈ కుటుంబం పాటించే సేద్యానికి మూలం 1924లో రుడాల్ఫ్ స్టైనర్ అనే తత్త్వవేత్త చేసిన ఉపన్యాసాలు. ఆవుకొమ్ములో పేడ నింపి చలికాలమంతా భూమిలో పాతిపెట్టడం, చంద్రుడినీ గ్రహాలనూ చూసి పనులు చేయడం అందులో ఉన్నాయి. స్టైనర్ ఆధ్యాత్మిక సిద్ధాంతం శ్రీసభ విశ్వాసం కాదు. మన పంటను కాపాడేవి గ్రహాలు కావు. కాని నేలకు విశ్రాంతి ఇవ్వాలి, విషం తగ్గించాలి, పశువునూ పంటనూ వేరు చేయకూడదు అనే మాటల్లో సత్యమున్నది. సత్యం ఎక్కడ కనిపించినా స్వీకరించడం మన సంప్రదాయమే. తూర్పారబట్టే రైతు పొట్టు చూసి గింజను పారబోయడు గదా!

వాక్యం ఏమంటున్నది?

ఆదికాండము 2వ అధ్యాయంలో దేవుడు మనిషిని తోటలో ఉంచింది దాన్ని సాగు చేయడానికీ, కాపాడడానికీ. ఆ రెండు పనులూ కలిసే ఉన్నాయి. సాగు చేస్తూ కాపాడకపోతే అది దోపిడీ. కాపాడతామంటూ సాగు చేయకపోతే అది సోమరితనం. లేవీయకాండము 25వ అధ్యాయం ఏడవ ఏట ద్రాక్షతోటకు కూడా విశ్రాంతి ఇవ్వమంటున్నది. 19వ అధ్యాయం రాలిన పండ్లను పేదలకూ పరదేశులకూ వదలమంటున్నది.

రాజుల మొదటి గ్రంథం 21వ అధ్యాయంలో నాబోతు కథ మీకు తెలిసిందే. ఆహాబు రాజు అంతకంటే మంచి తోట ఇస్తానన్నాడు, లేదా వెల ఇస్తానన్నాడు. పితరుల స్వాస్థ్యాన్ని ఇవ్వనని నాబోతు చెప్పాడు. అందుకు ప్రాణమే పోగొట్టుకున్నాడు. నాబోతు తోటను రాజు బలవంతంగా లాక్కున్నాడు. మన దగ్గరికి ఏ రాజూ రానక్కరలేదు. కొద్దిపాటి ఆదా కోసం మన స్వాస్థ్యంలోని ప్రాణాన్ని మనమే అమ్ముకుంటాం. భూమి ప్రతి తరానికీ అప్పుగా అందినదనీ, తర్వాతి తరానికి దాన్ని అప్పజెప్పాలనీ దివంగత పోపు ఫ్రాన్సిస్ గారు 2015 నాటి లౌదాతో సీ విశ్వలేఖలో బోధించారు.

మన ఇళ్ళకు ఈ పాఠం

మిరప, పత్తి పండించే కుటుంబాలకు మందుల దుకాణం అప్పు ఎంత బరువో నేను వేరే చెప్పనక్కరలేదు. రేపటినుంచే అన్ని మందులూ మానేయమని ఎవరూ మీకు చెప్పరాదు. పంట పోతే పిల్లల ఫీజు ఎవరు కడతారు? కాని కొంత చెక్కలో ప్రయత్నించి చూడవచ్చు. ఆంధ్రప్రదేశ్‌లో 2016 నుంచి రైతు సాధికార సంస్థ ద్వారా ప్రకృతి సేద్యం నేర్పుతున్నారు. పేడ, మూత్రం, బెల్లం, పప్పుల పిండితో చేసే జీవామృతాన్ని గురించి మీ ఊళ్ళో వాడుతున్నవారిని అడిగి తెలుసుకోండి.

సెంటు భూమి లేని కుటుంబాలకు కూడా వారసత్వమున్నది. సాయంకాలపు జపమాల, అమ్మమ్మ నేర్పిన ప్రార్థన, ఆదివారపు పూజ మన పెద్దలు నాటిన తోట. తీరిక లేదని ఒక్కొక్కటే మానేస్తే మొదట్లో సమయం మిగిలినట్లే ఉంటుంది. కొన్నేళ్ళకు ఇంట్లో క్షమాపణ మాట వినబడదు, పిల్లలకు గుడిదారి తెలియదు. నేల రంగు మారినట్లే ఇల్లూ మారుతుంది. తాను ద్రాక్షావల్లిననీ, మనం రెమ్మలమనీ ప్రభువు యోహాను సువార్త 15వ అధ్యాయంలో చెప్పాడు. తల్లితీగనుంచి తెగిన రెమ్మకు ఏ మందు కొట్టినా చిగురు రాదు.

అయితే వారసత్వాన్ని పెట్టెలో దాచితే సరిపోదు. జోలీ కుటుంబం తల్లి పద్ధతిని ఊరికే తలకెత్తుకోలేదు. అందులోని మేలేమిటో మళ్ళీ నేర్చుకున్నది. మీ పిల్లలు ఎందుకు ప్రార్థించాలని అడిగితే, మా తాతలనుంచి వస్తున్నదని చెప్పి ఊరుకోకండి. కారణం చెప్పండి, మీరు వారితోపాటు మోకరించండి.

ఈ వారం ఇంట్లో కలిసి ఆలోచించండి:

1. మా పెద్దల నుంచి మాకు అందిన మేలు ఏది? దాన్ని దేనికోసం వదులుకుంటున్నాం?

2. మా పొలంలో గాని, పెరట్లో గాని, ఇంట్లో గాని ఈ సంవత్సరం ఏ చిన్న భాగాన్ని మార్చి చూడగలం?

3. మా పంటలో, మా సంపాదనలో పేదలకు వదిలే భాగమెంత?

ద్రాక్షావల్లియైన ప్రభువు మీ ఇళ్ళనూ, మీ పొలాలనూ, మీ బిడ్డల చేతులనూ ఆశీర్వదించునుగాక. ఆమెన్.