పాత రేడియోలలోని కండెన్సర్లు



విజయవాడయందు 1948వ సంవత్సరమున రేడియో కేంద్రము ప్రారంభమైనది. ఆ కాలమునాటి వాల్వు రేడియోలు కొందఱి యిండ్ల అటకలపై నేటికిని కలవు. వానిని దించి, దుమ్ము దులిపి, వెంటనే విద్యుత్తు తగిలించి చూడవలెనని వేడుక పుట్టుట సహజమే. కాని అట్లు చేయరాదు. చేసినచో రేడియో పాడుకావచ్చును.

సింగిల్ ఫేజు పంపుసెట్టునందు కండెన్సరు చెడినచో మోటారు మ్రోగునేగాని తిరుగదని మీరెఱుగుదురు. రేడియోలలోని కండెన్సర్లును ఆ జాతివే. రెండు లోహపు రేకులును, నడుమ విద్యుత్తును పోనీయని పొరయు నుండును. చెరువునకు గట్టు వంటిది ఆ పొర. గట్టు చెడిన నీరు నిలువనట్లే, పొర చెడిన విద్యుత్తు నిలువదు.

ముఖ్యముగా చెడునవి రెండు రకములు.

1. కాగితపు కండెన్సర్లు: ఇవి యేండ్ల తరబడి తేమను పీల్చుకొనును. చివరి వాల్వు గ్రిడ్డునకు ముందుండునది కారినచో, ఆ వాల్వు మితిమీరి వేడెక్కి చెడును. స్పీకరు ట్రాన్స్‌ఫార్మరును మాడవచ్చును.

2. ఎలెక్ట్రోలిటిక్ కండెన్సర్లు: వీనిలోని ద్రవము క్రమముగా ఎండిపోవును, వాడకయుంచిన, అల్యూమినియపు రేకుపైనుండు ఆక్సైడు పొర క్షీణించును. అపుడు రేడియోలో గుంయిమను మ్రోత వినవచ్చును. పూర్తిగా చెడినచో రెక్టిఫయరు వాల్వును, మెయిన్సు ట్రాన్స్‌ఫార్మరును కాలిపోవును. కండెన్సరు స్వల్ప వెలకు దొరకును. అట్టి పాత ట్రాన్స్‌ఫార్మరు దొరకుట కష్టము.

కావున ఈ రెండు రకములను ముందుగానే మార్పింపవలెను. మైకా కండెన్సర్లు సాధారణముగా చెడవు గాన, పరీక్షింపక తీసివేయనక్కఱలేదు. క్రొత్తదాని సామర్థ్యము పాతదానికి సమానముగా నుండవలెను. వోల్టేజి అంతకు తక్కువ కారాదు. కాగితపు వానికి బదులు 630 వోల్టుల పాలియెస్టరు ఫిల్మువి పనికివచ్చును. ఎలెక్ట్రోలిటిక్ వానికి ధన, ఋణ ధ్రువములు తాఱుమాఱైనచో అవి ప్రేలిపోవచ్చును.

ప్రాణభయము గల విషయ మొకటి కలదు. ప్లగ్గు తీసిన పిమ్మటను కండెన్సరునందు వందలకొలది వోల్టులు నిలిచియుండవచ్చును. ఏసీ, డీసీ రెంటికిని పనిచేయు సెట్లలో లోపలి యినుప చట్రమునకే మెయిన్సు తగిలియుండవచ్చును. కావున అనుభవము లేనివారు పెట్టె విప్పరాదు. మరమ్మతైన పిదప మొదటిసారి 60 వాట్ల ఫిలమెంటు బల్బును వరుసలో నుంచి విద్యుత్తు నీయవలెను. బల్బు తగ్గక ప్రకాశించుచుండినచో లోపమున్నదని గ్రహించి ఆపివేయవలెను.

ఒక్కొక్కరు పట్టణమునకు మోసికొనిపోవుటకంటె, సంఘసభ్యులు తమ రేడియోల నొకచోట చేర్చి నేర్పరియైన పనివానిని పిలిపించుకొనినచో వ్యయము తగ్గును. పనియు కన్నులయెదుట జరుగును.