పిక్కల బస్తా వెనక ఒక దేశం

జీడిపిక్కల కొనుగోలు పని మీద ఏళ్ల తరబడి టాంజానియా తిరిగినవాణ్ని. పలాస, కాశీబుగ్గ కుర్రాళ్లు దార్ ఎస్ సలామ్ బయలుదేరే ముందు వచ్చి ధరల సంగతి, దళారుల సంగతి అడుగుతారు. ఆ దేశం బయటివాళ్లతో ఎలా మెలుగుతుందో ఒక్కడూ అడగడు. నేను చెప్పేది మాత్రం అదే.

1. ముందు క్యాలెండర్ చూడండి. మన పిక్కలు మార్చి నుంచి మే దాకా వస్తాయి. వాళ్లది భూమధ్యరేఖకు దిగువ కాబట్టి పంట అక్టోబరులో మొదలవుతుంది. మన దగ్గర పిక్క అడుగంటే నెలల్లో అక్కడ దక్షిణ తీరాన ఉన్న మ్‌త్వారా గోదాములు నిండుతాయి. శాంపిల్ కిలో తూచి, ఒక్కో పిక్కనీ నిలువునా కోసి, మంచి పప్పు ఒకపక్క, మచ్చలదీ ముడుచుకుపోయిందీ ఇంకోపక్క పోసి మళ్లీ తూస్తారు. ఎనభై కిలోల బస్తాకి ఎన్ని పౌండ్ల పప్పు దిగుతుందన్న లెక్క మీదే బేరం. యాభై దగ్గర పడిందంటే మనవాళ్లు ఎగబడతారు. ఆ ఎగబడడం బల్లకి అవతల నిలబడ్డవాడు గమనిస్తూనే ఉంటాడు.

2. డబ్బు చూపిస్తే తల ఊపుతారనుకోవద్దు. 1965లో రొడీషియా తెల్లదొరలు తమంతట తామే స్వాతంత్ర్యం ప్రకటించుకుంటే, బ్రిటన్ వాళ్లను అణచలేదని టాంజానియా అధ్యక్షుడు న్యెరేరే బ్రిటన్‌తోనే సంబంధాలు తెంచుకున్నారు. రావలసిన అప్పు ఆగిపోయింది. ఆగనీ అన్నారు.

3. 2001లో కొత్త విదేశాంగ విధానం రాసుకున్నారు. ఆఫ్రికా విమోచన పని దక్షిణాఫ్రికా దాకా పూర్తయింది, ఇక ఎంబసీలు మార్కెట్లూ పెట్టుబడులూ వెతకాలి అన్నది దాని సారం. ఆర్థిక దౌత్యం అని పేరు పెట్టారు.

4. కందుల కథ మాత్రం కాస్త ఓపిగ్గా వినండి. 2015లో మన దగ్గర కందిపప్పు కిలో రెండు వందలు తాకింది. ఆ ధర చూసి టాంజానియా రైతు కంది వేశాడు. అక్కడ దాన్ని తినేవాళ్లు తక్కువ. పండిందంతా దాదాపు మనకోసమే. ఈలోగా మన పంటా విరగపండింది. తాండూరు రైతుకు మద్దతు ధర కూడా రాని ఆ 2017లోనే, ఆగస్టులో, ఢిల్లీ కంది దిగుమతిని ఏడాదికి రెండు లక్షల టన్నులకు కట్టడి చేసింది. ఒక్క నోటిఫికేషన్‌తో అక్కడ ధర కుప్పకూలింది. పక్కనున్న మొజాంబిక్ అంతకు ముందు ఏడాదే, మోదీ పర్యటన సమయంలో, ప్రభుత్వాల మధ్య ఒప్పందం రాయించుకుంది. ఆ సరుకు కట్టడి బయట ఉండిపోయింది. నేల ఒకటే, పంట ఒకటే, కొనేవాడూ ఒకడే. తేడా ఆ కాగితం. ఆర్థిక దౌత్యం మీద ఎన్ని ఉపన్యాసాలు విన్నా నాకింత స్పష్టంగా అర్థం కాలేదు. మన ప్రభుత్వాన్ని తప్పుపట్టలేను, తాండూరు రైతు మన రైతే. కానీ ఆ దెబ్బ తిన్నవాళ్లు మన షరతుల్ని నమ్మకపోతే ఆశ్చర్యపోకండి.

5. మరుసటి ఏడాది వంతు పిక్కలది. 2017 సీజన్లో ధర చుక్కలంటి, 2018లో దిగింది. వేలంలో మన వ్యాపారులతో సహా అందరూ తక్కువ పాడారు, రైతులు అమ్మం అన్నారు. అప్పటి అధ్యక్షుడు మగుఫులి కిలో 3,300 షిల్లింగులకు పంటంతా ప్రభుత్వమే కొంటుందని ప్రకటించి, నవంబరులో సైన్యాన్ని లారీలతో సహా మ్‌త్వారాకు పంపారు. ఆయన తెగువ నాకు నచ్చింది. లెక్క నచ్చలేదు. కొన్న సరుకును బయట అమ్మాలిగా! పెద్ద కొనుగోలు ఒప్పందం ఒకటి కుదిరి రద్దయింది, బస్తాలు నెలల తరబడి గోదాముల్లో మగ్గాయి. రైతు కోపం న్యాయమైనదే అయినా ప్రపంచ ధరను సైనిక బ్యారక్సు నుంచి నిర్ణయించలేరు.

6. వాళ్లు ఎవరి పక్షమని అడక్కండి. జాంబియా రాగి దక్షిణాఫ్రికా మీదుగా పోనవసరం లేకుండా 1970లలో 1,860 కిలోమీటర్ల టజారా రైలుమార్గం చైనా వేసింది. దార్ నుంచి డొడోమాకు కొత్త రైలుమార్గం టర్కీ కంపెనీ వేసింది. దార్ ఓడరేవులో దుబాయ్ కంపెనీకి కొంత భాగం అప్పగించినప్పుడు 2023లో పెద్ద గొడవే అయింది. మరుసటి ఏడాది అదానీ కూడా అక్కడే దిగింది. ఐఐటీ మద్రాసు క్యాంపస్ ఒకటి జాంజిబార్‌లో ఉంది. ఒక్కడి చేతిలో పడకూడదన్నదే వాళ్ల జాగ్రత్త.

7. ఇక మనకు కాస్త మింగుడుపడని సంగతి. వాళ్లకు కావలసింది పిక్కలు అమ్మడం కాదు, పప్పు అమ్మడం. 1970లలో ప్రపంచ బ్యాంకు అప్పుతో ఫ్యాక్టరీలు కట్టారు. అవి సిద్ధమయ్యేసరికి పంటే పడిపోయి చాలావరకు మూతపడ్డాయి. ఆ కోరిక మాత్రం చావలేదు. ముడిపిక్కల ఎగుమతి మీద లెవీ అందుకే. లెవీ పెరిగినప్పుడల్లా మా వాళ్లు తిట్టిపోస్తారు, వాళ్ల స్థానంలో మనమున్నా అదే చేస్తాం. ఈమధ్య ఒక కుర్రాడు వచ్చి, కొనడానికి కాదు, అక్కడే పప్పు యూనిట్ పెట్టడానికి వెళ్తానన్నాడు. కరెంటు ఎన్ని గంటలు ఉంటుంది, పొట్టు తీసే ఆడవాళ్లకు పని ఎవరు నేర్పుతారు, తయారైన పప్పుకు మన కస్టమ్స్ వాళ్లు వేసే సుంకం ఎంత అని అడిగాను. మూడోదానికి జవాబు తెలుసుకుని వస్తానని వెళ్లాడు.