హద్దులోనే ఆట

విజయవాడలో వీడియో గేముల షాపు నడిపినవాణ్ణి. పిల్లలు గంటకింతని ఇచ్చి మారియో, కాంట్రా ఆడుకునేవారు. తర్వాత అదే షాపులో కంప్యూటర్లు అసెంబుల్ చేసి అమ్మాను, చెడిపోయినవి బాగుచేశాను. షట్టరు దించేసి చాలా కాలమైంది కానీ చేతి దురద తీరలేదు. మనవడు పడుకున్నాక నేనూ కాసేపు ఆడుకుంటాను. కంప్యూటర్ల మీద, క్రికెట్ మీద, పాటల మీద నాకున్న అభిప్రాయాలన్నీ ఆ షాపులో ఏర్పడ్డవే. చదువుకుని చెబుతున్నవి కావు, చూసి చెబుతున్నవి. వినే ఓపిక మీకు ఉంటుందన్న నమ్మకంతో రాస్తున్నాను.

1. వేగం పెరిగినంత మాత్రాన ఆట బాగుపడదు.

పాత 486 కంప్యూటర్లకు ముందు వైపున ‘టర్బో’ అని ఒక బటన్ ఉండేది. అది నొక్కితే సిస్టమ్ అదనంగా పరుగెడుతుందని కొనేవాళ్లు మురిసిపోయేవారు. దాని అసలు పని వేరు. అంతకుముందు వచ్చిన ఆటల్లో చాలావాటికి ప్రాసెసర్ వేగమే గడియారం. వాటిని కొత్త సిస్టమ్‌లో వేస్తే బొమ్మలు కంటికి ఆనకుండా పరుగెత్తేవి, ఆడదామనేలోపే అంతా అయిపోయేది. టర్బో తీసేస్తే యంత్రం నెమ్మదించి ఆట మళ్లీ మనిషి చేతికి వచ్చేది. డబ్బు పోసి కొన్న వేగాన్ని ఆట కోసం మనమే తగ్గించుకునేవాళ్లం. 1978లో జపాన్‌లో టొమోహిరో నిషికాడో తయారుచేసిన ‘స్పేస్ ఇన్వేడర్స్’ కథ ఇంకా వింత. శత్రువుల గుంపు నిండుగా ఉన్నప్పుడు అన్నిటినీ గీయడానికి అప్పటి చిప్‌కు శక్తి చాలక అవి మెల్లగా కదిలేవి. కాల్చేకొద్దీ గీయాల్సినవి తగ్గి, మిగిలినవి వేగం పుంజుకునేవి. నిషికాడో దాన్ని సరిదిద్దకుండా అలాగే ఉంచాడు. యంత్రం చేతకానితనమే ఆ ఆటకు ఊపిరైంది. ఏ కుర్రాడైనా కొత్త గ్రాఫిక్స్ కార్డు వివరాలు ఫోనులో చూపించి ‘తీసుకోమంటారా అంకుల్?’ అంటే నేనడిగే మొదటి ప్రశ్న, ‘ఏ ఆట ఆడతావు?’ అని. జవాబు తడుముకునేవాళ్లే అన్నిటికన్నా ఖరీదైనది కొంటారు.

2. కంటికి కనబడని చోట పిసినారితనం పనికిరాదు.

పార్టుల కోసం సికింద్రాబాద్ వెళ్లేవాణ్ణి. పార్క్ లేన్‌లోని చినాయ్ ట్రేడ్ సెంటర్‌ను మేమంతా సీటీసీ అనేవాళ్లం. అక్కడ బేరమాడి తెచ్చిన ర్యామ్ ఎంత, హార్డ్ డిస్క్ ఎంత అని అడగని కస్టమర్ ఉండేవాడు కాడు. సిస్టమ్‌కు కరెంటు అందించే డబ్బా, అంటే ఎస్ఎంపీఎస్ ఏది వేశారని అడిగినవాడు ఒక్కడూ లేడు. క్యాబినెట్‌తో పాటు ఉచితంగా వచ్చే ఎస్ఎంపీఎస్ మీద వాట్లు ఘనంగా రాసి ఉండేవి, చేత్తో ఎత్తి చూస్తే బరువే ఉండేది కాదు. పక్క షాపువాడి ధరకు దిగడం కోసం నేనూ అవే వేసి ఇచ్చాను. బెజవాడ ఎండల్లో, కరెంటు వస్తూ పోతూ ఉండే మధ్యాహ్నాల్లో అవి కాలిపోతూ మదర్‌బోర్డును కూడా వెంట తీసుకుపోయేవి. ప్రాజెక్టు పని అంతా అందులోనే పెట్టుకున్న ఒక డిగ్రీ అమ్మాయి నా షాపు మెట్ల మీద ఏడుస్తూ కూర్చుంది. నాలుగు వందలు మిగిల్చానని అంతకుముందు నేను చెప్పుకున్న గొప్ప ఆ రోజు నాకే రుచించలేదు. ఇంకొక మాట. సిస్టమ్ ఆన్ కాకుండా బీప్ బీప్ అంటుంటే కంగారుపడి షాపుకు పరుగెత్తకండి. స్విచ్ కట్టేసి, వైరు పీకేసి, ర్యామ్ బయటకు తీయండి. దాని అంచున బంగారు రంగులో ఉండే పళ్లను రబ్బరుతో మెల్లగా రుద్దండి. రబ్బరుకు నల్లటి చార అంటుతుంది. పొడి దులిపి, రెండు వైపులా క్లిప్పులు టక్కుమనేదాకా నొక్కండి. సగం రిపేర్లు ఇంతే. పిల్లల దగ్గర దీనికి డబ్బు తీసుకునేవాణ్ణి కాను, పెద్దల దగ్గర మాత్రం మొహమాటపడలేదు.

3. ముప్పై ప్రాణాలున్నవాడు దారి చూడడు.

కోనామీ కంపెనీలో పనిచేసిన కజుహిసా హషిమోటోకు 1986లో ‘గ్రాడియస్’ ఆటను పరీక్షించడం కష్టమైందట. తాను పనిచేస్తున్న ఆటే తనకు కొరకరాని కొయ్యైతే, సులువు కోసం ఒక బటన్ల వరుస పెట్టుకున్నాడు. అది ఆటలో ఉండిపోయి, తర్వాత కాంట్రాలోకి వచ్చి, మూడు ప్రాణాలను ముప్పై చేసేది. పైకి రెండు, కిందికి రెండు, ఎడమ కుడి ఎడమ కుడి, ఆపైన బి, ఏ. ఆ వరుస తెలిసిన కుర్రాడికి మా షాపులో రాజమర్యాదలు జరిగేవి. అయితే ముప్పైతో మొదలుపెట్టినవాళ్లు గుండ్లకు ఎదురెళ్లి చచ్చి, మళ్లీ లేచి, అలాగే ముందుకు నెట్టుకుపోయేవారు. ఆటను ముగించేవారు కానీ ఏ స్టేజీలో ఏముందో అడిగితే చెప్పలేకపోయేవారు. మూడు ప్రాణాలవాడు మాత్రం గట్టు కింద ఆగి, పైనున్న తుపాకీ ఎన్ని గుండ్లకొకసారి ఆగుతుందో చూసేవాడు. ఏదైనా నేర్చుకోవాలనుకుంటే అలాంటివాడి వెనక నిలబడండి.

4. వేళ్లకు తెలిసిన క్రికెట్ వేరు, ఒంటికి తెలిసిన క్రికెట్ వేరు.

ఈఏ స్పోర్ట్స్ వాళ్ల ‘క్రికెట్ 07’ 2006 చివర్లో వచ్చింది. దాని తర్వాత ఆ కంపెనీ క్రికెట్ జోలికే రాలేదు. హక్కులు లేక మన ఆటగాళ్ల పేర్లు అందులో అక్షరాలు తారుమారై ఉండేవి. అయినా మన కుర్రాళ్లు వదల్లేదు. పేర్లు దిద్దుకున్నారు, కొత్త జెర్సీలు తొడిగారు, 2008లో ఐపీఎల్ మొదలయ్యాక ఆ జట్లనూ అందులోకి ఎక్కించుకున్నారు. కంపెనీ వదిలేసిన ఆటను ఇన్నేళ్లు బతికించింది అభిమానులే. నాకూ అది ప్రాణం. కానీ అందులో సిక్సర్లు కొట్టీ కొట్టీ, టీవీలో బ్యాట్స్‌మన్ బంతి వదిలేస్తే విసుక్కునే జబ్బు నాకు పట్టింది. 2001 మార్చిలో ఈడెన్ గార్డెన్స్‌లో ఫాలో ఆన్ ఆడుతూ మన లక్ష్మణ్ 281, ద్రవిడ్ 180 చేశారు. ఇద్దరూ కలిసి 376 పరుగులు జోడించారు. నాలుగో రోజంతా ఆస్ట్రేలియాకు ఒక్క వికెట్ కూడా దొరకలేదు. ఆ రోజును కీబోర్డు మీద ఆడి చూడండి, గంటలో విసుగొస్తుంది. చెమటకు గ్లవ్ జారడం, పిక్క పట్టేయడం, కోల్‌కతా ఉక్కపోత, ఇవేవీ కోడులో లేవు. కంప్యూటర్ క్రికెట్ ఫీల్డింగ్ అమరికను చక్కగా నేర్పుతుంది. ఓపిక నేర్పలేదు. ఆడేవాణ్ణి తిట్టే ముందు ఒకసారి ఎండలో ఐదు ఓవర్లు బౌలింగ్ చేసి రండి.

5. కూర్చుని ఆడేదీ ఆటే, కూర్చుండిపోతే మాత్రం కాదు.

‘మంచం దిగనివాడు క్రీడాకారుడేమిటి?’ అని కంప్యూటర్ ఆటల పోటీలైన ఈ-స్పోర్ట్స్‌ను వెక్కిరించేవాళ్లలో ఒకప్పుడు నేనూ ఉన్నాను. మా ఊళ్లోనే ఉన్న చెస్ క్రీడాకారిణి కోనేరు హంపి నా నోరు మూయించింది. 2002లో 15 ఏళ్లకే గ్రాండ్‌మాస్టర్ అయింది. తల్లయ్యాక 2019లోనూ, మళ్లీ 2024లోనూ ప్రపంచ ర్యాపిడ్ టైటిల్ గెలిచింది. ఆమె గెలిచిందీ కూర్చునే. 2018 జకార్తా ఆసియా క్రీడల్లో ఈ-స్పోర్ట్స్ ప్రదర్శన పోటీగా వచ్చింది. తర్వాత హాంగ్‌ఝౌలో పతకాల పట్టికలోకే ఎక్కింది. ఒప్పుకోవాల్సిందే. కానీ పెద్ద పోటీల్లో ఆడేవాళ్ల దినచర్య ఎప్పుడైనా గమనించండి. వ్యాయామం, నిద్ర, ఓడిన ఆటను మళ్లీ వేసుకుని చూడటం, ఇవన్నీ అందులో ఉంటాయి. తెల్లవారుజాము దాకా ఆడి ‘ప్రాక్టీసు’ అనేవాడికి క్రీడాకారుడనే మాట వర్తించదు.

6. వనరు తగ్గితే చెవి పదునెక్కుతుంది.

నా షాపులో నేను చేసిన పెద్ద తెలివితక్కువ పని టీవీలన్నిటికీ శబ్దం తగ్గించేయడం. పక్కన బట్టల షాపువాళ్లు గొడవ చేస్తారని భయం. సగం ఆట ఆ శబ్దంలోనే ఉందని చాలా ఆలస్యంగా తెలుసుకున్నాను. అప్పటి నింటెండో యంత్రంలో ధ్వనికి ఐదే దారులుండేవి, ఒక దాంట్లో వచ్చేది వట్టి గరగర. కోజీ కొండో 1985లో ‘సూపర్ మారియో’కు ఇచ్చిన సంగీతమంతా ఆ ఇరుకులో ఇమిడిందే. శ్రద్ధగా వినండి. మారియో ఎగిరినప్పుడల్లా పాటలో ఒక వరుస క్షణకాలం తప్పుకుని ఆ ఎగురుడు చప్పుడుకు చోటిస్తుంది. గడియారం వందకు దిగితే పాట పరుగందుకుంటుంది, తెర చూడకుండానే గుండె వేగం హెచ్చుతుంది. ఇళయరాజా తప్ప మరొకరి పాట వినని చెవులివి. అలాంటి నాకు సియాటిల్‌లో సౌండ్‌గార్డెన్ అనే బృందం ఉందని చెప్పింది ‘రోడ్ రాష్’, రేసు మొదలయ్యే ముందు వినిపించే పాటలతో. ‘టెట్రిస్’ ద్వారా ఒక రష్యన్ జానపద బాణీ మా వీధి పిల్లల నోళ్లలో ఆడింది. 2005లో వచ్చిన ‘సివిలైజేషన్ 4’ కోసం క్రిస్టఫర్ టిన్ స్వాహిలీ భాషలో కట్టిన ‘బాబా యేటు’కు 2011లో గ్రామీ వచ్చింది. ఆటల కోసం పుట్టిన సంగీతానికి ఆ గౌరవం దక్కడం అదే మొదలు. ‘గేముల మ్యూజిక్ కూడా ఒక సంగీతమేనా?’ అని ఎవరైనా అంటే వాదించకండి. హెడ్‌ఫోన్స్ చేతికిచ్చి ఊరుకోండి.

7. ఎప్పుడు ముగుస్తుందో తెలియని ఆటకు కూర్చోకూడదు.

చెప్పడానికి కష్టంగా ఉన్నది ఇదొక్కటే. షాపులో నేను ఖాతా పుస్తకం పెట్టాను. చేతిలో డబ్బు లేకపోయినా పిల్లలు ఆడొచ్చు, తర్వాత ఇవ్వొచ్చు. వ్యాపారం బాగా సాగింది. ఒక సాయంత్రం ఒక కుర్రాడి తండ్రి వచ్చారు. చొక్కా జేబు తిరగేసి చూపించి, ‘మీ ఖాతా ఇందులోంచి తీరుతోందండీ’ అన్నారు. గట్టిగా కూడా అనలేదు. ఆ రాత్రే పుస్తకం చింపేశాను, కానీ అంతకుముందు రాసుకున్నవన్నీ వసూలు చేసుకున్న తర్వాతే కదా. మారియోలో ప్రాణాలైపోతాయి. గంటకు కట్టిన డబ్బు గంటతో అయిపోతుంది. ఆ గోడను తీసేసింది నేనే. ఫోనులో పేకాట పెట్టినవాళ్లు చేసిందీ అదే, నాకన్నా లక్షరెట్లు తెలివిగా. అందులో ‘గేమ్ ఓవర్’ అనే మాట కనబడదు, పోయింది రాబట్టుకో అనే పిలుపే కనబడుతుంది. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ రమ్మీ మీద నిషేధం తెచ్చాయి. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికీ చట్టం చేస్తూ, డబ్బు పెట్టి ఆడే ఆటలను ఒకవైపు, ఈ-స్పోర్ట్స్‌ను మరోవైపు వేరుచేసింది. చట్టం గీసిన గీత మంచిదే. మీ గీత మీరు గీసుకోవడం అంతకన్నా అవసరం. ఆట మొదలుపెట్టే ముందే ఎక్కడ ఆపుతారో చెప్పుకోండి. చెప్పుకోలేకపోతే మొదలుపెట్టకండి.

8. తెర ఒక్కటైతే తొందర తగ్గుతుంది.

కాంట్రా మూడో స్టేజీలో జలపాతం ఉంటుంది. ఇద్దరూ రాళ్లెక్కుతూ పైకి పోవాలి. ముందున్నవాడు ఎక్కేకొద్దీ తెర పైకి జరుగుతుంది, వెనకబడినవాడు తెర అడుగున చిక్కి ప్రాణం పోగొట్టుకుంటాడు. మా షాపులో జరిగిన తగాదాల్లో ఎక్కువ భాగం ఆ జలపాతం దగ్గరే. అన్న ఎగబాకడం, తమ్ముడు చావడం, రిమోట్లు విసిరేసుకోవడం. కొన్నాళ్లకు ఆ అన్నలే ఆగడం నేర్చుకునేవారు. ‘ఒరేయ్, నువ్వెక్కు, నేను కింద చూసుకుంటా’ అనే మాట నేను విన్నది అక్కడే. ఇప్పుడు ఎవరి తెర వారిది, ఎవరి జలపాతం వారిది. యంత్రాలు బాగుపడ్డాయి, అందుకు నాకు సంతోషమే. కానీ ఆగి చూడాల్సిన అవసరం ఆటలోంచి పోయింది కనుక దాన్ని మీరే తెచ్చుకోవాలి. ఇంట్లో ఆడటం సరిగా రాని తమ్ముడో, నాన్నో, అమ్మమ్మో ఉంటే రెండో రిమోట్ వాళ్ల చేతికివ్వండి. గెలుపు ఆలస్యమవుతుంది, అవనివ్వండి. వాళ్లు రాయి ఎక్కేదాకా కింద నిలబడగలిగితే, నా షాపులో నేర్చుకోవాల్సింది మీరు నేర్చుకున్నట్టే.